ఆండ్రాయిడ్ బృందానికి: చివరి మాట ఫోన్ కొన్నవాళ్లదే కానివ్వండి

గూగుల్‌లో ఆండ్రాయిడ్‌ను నడిపిస్తున్న వారికి,

నమస్కారం. 2025 ఆగస్టులో మీరు చేసిన ప్రకటన గురించి ఈ లేఖ. మీ సర్టిఫికేషన్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ యాప్ ఎక్కించాలన్నా, అది ప్లే స్టోర్ నుంచి వచ్చినా, ఎవరో తమ వెబ్‌సైట్‌లో పెట్టుకున్న ఏపీకే ఫైలైనా (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసుకునే ఫైలు), దాన్ని తయారు చేసినవాళ్లు ముందుగా మీ దగ్గర నమోదు చేసుకుని ఉండాలన్నారు. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా ప్రపంచానికి విస్తరిస్తామన్నారు. అసలు పేరు, చిరునామా, ఈమెయిల్, ఫోన్ నంబరు ఇవ్వాలి. ప్రభుత్వ గుర్తింపు కార్డు కూడా అడగొచ్చు. పూర్తి స్థాయి నమోదుకు 25 డాలర్లు కట్టాలి. విమర్శలు గట్టిగా వచ్చాక నవంబరులో కాస్త తగ్గారు. విద్యార్థులకు, సరదాగా యాప్‌లు రాసుకునేవాళ్లకు చిన్న ఖాతా ఒకటి ఇస్తామన్నారు. ముప్పు తెలిసి కూడా నమోదు కాని యాప్ వేసుకోదలచిన అనుభవజ్ఞులకు వేరే దారి ఉంచుతామని కూడా చెప్పారు.

ఆ వేరే దారి ఎలా ఉండబోతోంది, దాని మీద ఎవరి పెత్తనం ఉంటుంది అన్నదే నా టెన్షన్.

ఆపిల్‌ను తిట్టడానికి ఈ లేఖ రాయడం లేదని ముందే చెప్పేస్తాను. అంతా ఒకే కంపెనీ గుప్పిట్లో ఉండే ప్లాట్‌ఫామ్ వల్ల లాభాలున్నాయి, అవి చిన్నవేమీ కావు. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా ఆపిల్ భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. ఆ కాలంలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిని రెండేళ్లు దాటితే పట్టించుకునే దిక్కుండేది కాదు. మీరు రాసిన అప్‌డేట్ చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీ, కొన్నిచోట్ల టెలికాం కంపెనీ కూడా దాటి రావాలి కాబట్టి మధ్యలోనే ఎక్కడో ఆగిపోయేది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చి, హార్డ్‌వేర్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా సిస్టమ్ నుంచి విడదీశాక పరిస్థితి మెరుగుపడింది. 2023లో పిక్సెల్ 8కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని హామీ ఇచ్చే దాకా వచ్చారు, సంతోషం. ఇంకో సంగతి. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చాక, ఇతర కంపెనీల యాప్‌లలో, సైట్లలో మన కదలికలను గమనించాలంటే ప్రతి యాప్ మన అనుమతి అడగాల్సి వచ్చింది. ప్రకటనల పరిశ్రమ గగ్గోలు పెట్టింది. ఒక్క నిర్ణయంతో అంతమందిని దారికి తేవడం ఆ గుప్పిట వల్లే సాధ్యమైంది. ఫోన్ లోపల ఏం జరుగుతుందో పట్టించుకునే ఓపిక లేనివాళ్లు ఏ ఫోన్ కొనమంటారని అడిగితే నేను మొహమాటం లేకుండా ఐఫోన్ పేరే చెబుతాను.

అయితే ఐఫోన్ కొనేవాళ్లకు తాము ఏం కొంటున్నారో మొదటి నుంచీ తెలుసు. 2007లో అది వచ్చినప్పుడు బయటివాళ్లు యాప్ రాయడానికే వీల్లేదు. 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచినప్పుడు, ఏ యాప్ ఉండాలో ఏది ఉండకూడదో తామే నిర్ణయిస్తామని ఆపిల్ దాచకుండా చెప్పింది. మీరు చెప్పింది వేరు. 2007 నవంబరులో ఆండ్రాయిడ్ కోసం 34 కంపెనీలతో ఓపెన్ హ్యాండ్‌సెట్ అలయన్స్ అనే కూటమి పెట్టినప్పుడు ఆ పేరులోనే మీ మాట ఉంది. 2010 అక్టోబరులో స్టీవ్ జాబ్స్ మీ ‘ఓపెన్’ వాదనను ఎద్దేవా చేస్తే, అప్పట్లో ఆండ్రాయిడ్‌ను నడిపిన మీ ఆండీ రూబిన్ వాదన పెట్టుకోలేదు. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) దించుకుని బిల్డ్ చేసుకునే, అంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌గా మార్చుకునే, కమాండ్లను ట్వీట్ చేసి ఊరుకున్నారు. టెక్ ప్రపంచంలో నాకు బాగా నచ్చిన జవాబుల్లో అదొకటి. ఆ మాట నమ్మి కొన్నవాళ్లున్నారు, ఆ మాట నమ్మి యాప్‌లు రాసినవాళ్లున్నారు. 2021 నాటికే మీ లెక్కల్లో 300 కోట్ల ఆండ్రాయిడ్ పరికరాలు వాడకంలో ఉన్నాయి. ఇన్ని చేతుల్లోకి వెళ్లాక షరతు మారుస్తానంటే, అది కొత్త ఫీచర్ ప్రకటన లాంటిది కాదు కదా.

ఓపెన్‌గా ఉండటం వల్ల ఏం ఒరిగిందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, కీబోర్డు చాలు. 2009 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్ 1.5 వచ్చినప్పటి నుంచీ ఎవరైనా కీబోర్డు యాప్ రాయవచ్చు. ఐఫోన్‌లో ఆ వీలు 2014 సెప్టెంబరులో ఐఓఎస్ 8 వచ్చాకే కలిగింది. ఆ ఐదేళ్లూ ఐఫోన్‌లో ఏ భాష ఎలా టైప్ చేయాలో ఆపిల్ ఇష్టం. ఆండ్రాయిడ్‌లో మాత్రం తమ భాషకు కీబోర్డు లేదని అనిపించిన ప్రతి ప్రోగ్రామర్ తానే ఒకటి రాసి పంచిపెట్టగలిగాడు. రకరకాల లిపులకు, రకరకాల లేఅవుట్లకు అలాంటివి పుట్టుకొచ్చాయి. కొన్ని పరమ నాసిరకంగా ఉండేవి, నిజమే. అయినా ఏ కంపెనీ ప్రాధాన్యాల జాబితాలోనూ లేని భాషకు, నాసిరకం కీబోర్డుకూ అసలు కీబోర్డే లేకపోవడానికీ తేడా తెలుసు.

2018 ఫిబ్రవరి సంగతి తెలుగువాళ్లు చాలామంది మరిచిపోయి ఉండరు. మన ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిపోయేవి. కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. ప్రపంచమంతా సరదాకి ఆ అక్షరం పంపుకుని మిత్రుల ఫోన్లు పడగొట్టుకుంది. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అక్షరాన్ని తెరమీద గీసే ఆ కోడ్ బయటివాళ్లెవరికీ కనపడదు, కాబట్టి ఆపిల్ సరిచేసేదాకా ఎదురు చూడటం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు. మీ వైపు అదే పని చేసే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్. లిపులు తెలిసినవాళ్లు ఎక్కడున్నా దాన్ని తెరిచి చూడవచ్చు, తప్పు పట్టవచ్చు, సవరణ పంపవచ్చు. ఓపెన్ కోడ్‌లో తప్పులుండవని అనను. 2015లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడి కోట్ల ఆండ్రాయిడ్ ఫోన్లు ప్రమాదంలో పడ్డాయి. దాన్ని కనిపెట్టిన పరిశోధకుడు మీ ఉద్యోగి కాదన్నది మాత్రం గమనించండి.

ఇక ఆండ్రాయిడ్ నిజంగా ఎంత ఓపెన్ అన్నది మీకూ తెలుసు, మాకూ తెలుసు. 2011లో హనీకోంబ్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్ సోర్స్ కోడ్ ఇవ్వకుండా నెలల తరబడి ఆపారు. మ్యాప్స్, నోటిఫికేషన్లు, చెల్లింపులు, లాగిన్ లాంటివి యాప్‌లకు ఓపెన్ భాగంలో కాకుండా, కోడ్ బయటపెట్టని మీ సొంత ప్లే సర్వీసెస్‌లో దొరికేలా చేశారు. ఆ రెండింటికీ తేడా 2019లో హువావే మీద అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు లోకానికి తెలిసొచ్చింది. ఆండ్రాయిడ్ కోడ్‌ను వాడుకోకుండా హువావేని ఎవరూ ఆపలేకపోయారు, అది ఎవరైనా వాడుకోవచ్చనే అపాచీ లైసెన్సు మహిమ. కానీ మీ యాప్‌లు లేని మేట్ 30ని చైనా బయట కొనేవాళ్లు కరువయ్యారు. ప్లే స్టోర్ కావాలంటే మీ సెర్చ్, మీ బ్రౌజర్ కూడా ముందే ఎక్కించాలని ఫోన్ కంపెనీలకు షరతు పెట్టినందుకు 2018 జులైలో యూరోపియన్ కమిషన్ మీకు 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022లో కోర్టు దాన్ని 412.5 కోట్లకు తగ్గించింది కానీ తప్పు చేశారన్న మాట కొట్టేయలేదు. 2025 మార్చిలో ఆండ్రాయిడ్ అభివృద్ధి మొత్తాన్ని అంతర్గత బ్రాంచ్‌లలోకి మార్చుకున్నారు. జూన్‌లో ఆండ్రాయిడ్ 16 సోర్స్ కోడ్ ఇచ్చారు గానీ పిక్సెల్ ఫోన్లకు కావలసిన డివైస్ ట్రీలు (ఆ కోడ్‌ను ఫలానా ఫోన్ మీద నడిపించడానికి కావలసిన ఫైళ్లు) ఇవ్వలేదు. ఆండ్రాయిడ్ కోడ్‌తో బయటివాళ్లు తయారుచేసే లీనియేజ్‌ఓఎస్, గ్రాఫీన్‌ఓఎస్ లాంటి సిస్టమ్‌లను నడిపేవాళ్లకు పని ఎంత పెరిగిందో వాళ్లనే అడగండి.

వీటన్నిటినీ మేం సర్దుకున్నాం. ఎందుకంటే అడుగున ఒక్కటి మిగిలి ఉంది. మీకు నచ్చని యాప్‌ను కూడా నా ఫోన్‌లో నేను వేసుకోవచ్చు. మీ ప్రకటన తగిలింది సరిగ్గా అక్కడే.

మీరు చెప్పే కారణం అబద్ధం అనను. ఫోన్ చేసి బెదిరించో ఆశపెట్టో ఒక లింకు పంపిస్తారు, ఆ యాప్ వేయిస్తారు, యాక్సెసిబిలిటీ పర్మిషన్ (వికలాంగులకు సాయపడే యాప్‌ల కోసం పెట్టిన, తెరను చదివే అనుమతి) ఇప్పిస్తారు. ఆ తర్వాత తెర మీద కనిపించేదంతా వాళ్లకు కనిపిస్తుంది, ఓటీపీతో సహా. జీవితకాలం దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఇంటర్నెట్‌లో దొరికే ఏపీకేల ద్వారా వచ్చే మాల్వేర్ ప్లే స్టోర్‌లో కన్నా 50 రెట్లకు పైగా ఎక్కువని మీ విశ్లేషణలో తేలిందన్నారు. ఆ సంఖ్యను తోసిపుచ్చడానికి నా దగ్గర వేరే లెక్క లేదు. కానీ ఎవరో పంపిన లింకునూ, సోర్స్ కోడ్ నుంచి తామే బిల్డ్ చేసి యాప్‌లు ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్ లాంటి స్టోర్‌నూ ఒకే గాటన కట్టే లెక్కతో ఒక చట్టం లాంటి నిబంధన పెడితే ఒప్పుకోవడం కష్టం.

పైగా ఈ మోసాన్ని ఎలా పట్టుకోవాలో మీకు బాగా తెలుసు, మీరు చేసి చూపించారు కూడా. 2017లో ఆండ్రాయిడ్ 8లో ‘తెలియని సోర్సులు’ అన్న ఒకే స్విచ్ తీసేసి, ఏ యాప్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తున్నామో దానికి విడిగా అనుమతి ఇచ్చేలా మార్చారు. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చాక, బయటి నుంచి దించిన యాప్‌కు యాక్సెసిబిలిటీ పర్మిషన్ అంత తేలిగ్గా దొరకడం లేదు. 2023 నుంచి ఫోన్‌లో ఉండే మీ మాల్వేర్ తనిఖీ వ్యవస్థ ప్లే ప్రొటెక్ట్ కొత్తగా వేసే యాప్ కోడ్‌ను అప్పటికప్పుడు పరిశీలిస్తోంది. వీటన్నిటికన్నా తెలివైన పని 2025లో ఆండ్రాయిడ్ 16తో చేశారు: కాంటాక్ట్స్‌లో లేని వ్యక్తితో కాల్‌లో ఉండగా కొత్తగా యాప్ సైడ్‌లోడ్ చేయడాన్ని (స్టోర్ బయటి నుంచి వేసుకోవడాన్ని), యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వడాన్ని, ప్లే ప్రొటెక్ట్ ఆపేయడాన్ని అడ్డుకోవడం. మోసగాడి పనంతా ఆ ఫోన్ కాల్ మీదే నడుస్తుంది. కాల్ పెట్టేశాక మనిషి పది నిమిషాలు ఆలోచిస్తే చాలు, సగం మోసాలు విరిగిపోతాయి. ఆ ఫీచర్ రాసిన ఇంజనీర్లకు మోసం ఎలా జరుగుతుందో తెలుసు. నమోదు నిబంధన రాసినవాళ్లకు అంత తెలిసినట్టు నాకైతే అనిపించలేదు.

ఎందుకంటే పేరు నమోదు చేయించుకున్నంత మాత్రాన యాప్ మంచిదైపోదు. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే మీ దగ్గర ఖాతా తెరిచి డబ్బు కట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అయినా జోకర్ అనే మాల్వేర్ కొత్త పేర్లతో, కొత్త ఖాతాలతో అదే స్టోర్‌లోకి ఏళ్ల తరబడి చొరబడుతూనే వచ్చింది. ఆపిల్‌కూ ఈ బాధ తప్పలేదు. 2015లో ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ బయటపడినప్పుడు, పేరూ ఊరూ ఉన్న నిజమైన కంపెనీల యాప్‌లే కలుషితమై యాప్ స్టోర్‌లోకి వచ్చేశాయి. వాళ్లు వాడిన డెవలపర్ టూల్‌నే ఎవరో మార్చేశారు. ఇక పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్‌కు ఏ స్టోర్‌తోనూ పని లేదు. 2021లో బయటపడిన ఫోర్స్‌డ్‌ఎంట్రీ లోపంతో ఐఫోన్‌లోకి దూరడానికి బాధితుడు ఏదీ నొక్కాల్సిన అవసరం కూడా లేకపోయింది. అద్దె గుర్తింపు కార్డులు దొరికే లోకంలో దొంగ ఏదో ఒక పేరుతో నమోదు చేసుకుంటాడు. ఇబ్బంది పడేది తన పేరు బయట పెట్టలేనివాడు, లేదా పెట్టనక్కర్లేదని అనుకునేవాడు.

పేరు బయట పెట్టలేనివాళ్లు ఎవరు? 2019 అక్టోబరులో హాంకాంగ్ నిరసనల సమయంలో పోలీసులు ఎక్కడున్నారో చూపించే హెచ్‌కేమ్యాప్ లైవ్ యాప్‌ను ఆపిల్ తీసేసింది. 2017లో చైనా యాప్ స్టోర్ నుంచి వీపీఎన్ యాప్‌లను తీసేసింది. 2021 సెప్టెంబరులో రష్యా ఎన్నికలు మొదలైన రోజే ప్రతిపక్ష నేత నవాల్నీ వర్గం యాప్‌ను ఆపిల్ తీసేసింది, మీరు కూడా తీసేశారు. మీ మీద ఎంత ఒత్తిడి వచ్చి ఉంటుందో ఊహించగలను. అక్కడి మీ ఉద్యోగులను జైల్లో పెడతామని బెదిరించినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి, వాళ్ల స్థానంలో ఉండి ధైర్యం చూపించమని చెప్పే అర్హత నాకు లేదు. అమెరికాలోనూ 2025 అక్టోబరులో ఇమ్మిగ్రేషన్ అధికారుల కదలికలు తెలిపే ఐస్‌బ్లాక్ యాప్‌ను ప్రభుత్వం అడిగితే ఆపిల్ తీసేసింది. ఈ యాప్‌లన్నీ మంచివా చెడ్డవా అన్న చర్చ జోలికి నేను పోను. నేను చెప్పేది ఒకటే. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ నుంచి తీసేసినా ఏపీకే చేతులు మారుతూ బతికేది. ఐఫోన్‌లో స్టోర్ నుంచి పోయిందంటే కొత్తగా వేసుకోవాలనుకునేవాడికి దారి మూసుకుపోయినట్టే. మీ కొత్త నిబంధన పూర్తిగా అమలైతే రెండూ ఒకటవుతాయి. పైగా ఆ యాప్ రాసినవాళ్ల అసలు పేరు, చిరునామా మీ సర్వర్‌లో ఉంటాయి. ఏదో ఒక ప్రభుత్వం ఏదో ఒక రోజు ఆ జాబితా అడుగుతుంది. అప్పుడేం చేస్తారో మీకే తెలియదు, ఎందుకంటే అప్పటికి ఆ కుర్చీల్లో మీరు ఉండకపోవచ్చు.

అధికారం చేతిలో లేకపోవడం కూడా ఒక రక్షణే. ‘మా ఫోన్లలో ఆ యాప్‌ను ఆపే వీలు మాకు లేదు’ అని చెప్పగలిగినంత కాలం మీ ఉద్యోగులను బెదిరించి లాభం లేదు. ఆ వీలు మీ అంతట మీరే కల్పించుకుంటున్నారు.

నోకియా ఫోన్లను నడిపిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ సింబియన్ గుర్తుందా? మీలో కొందరు ఆ రోజుల్లో దానికి యాప్‌లు రాసి ఉంటారు. 2006 ప్రాంతంలో అందులో ఎస్60 మూడో ఎడిషన్ అనే వెర్షన్ వచ్చాక, సిస్టమ్‌లో కాస్త లోతుగా పనిచేసే యాప్‌కు సింబియన్ సైన్డ్ ముద్ర తప్పనిసరి అయింది. సొంతంగా ప్రయోగాలు చేసుకునేవాళ్లకు డెవలపర్ సర్టిఫికెట్ ఇచ్చేవారు, అది కొన్ని ఐఎంఈఐ నంబర్లకే, అంటే ముందే చెప్పిన కొన్ని ఫోన్లకే, పనిచేసేది. పరిమిత సంఖ్యలో పరికరాలకే పనికొచ్చే మీ విద్యార్థి ఖాతా గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఆనాడు ఏమైంది? ఫైల్ మేనేజర్‌లో సిస్టమ్ ఫోల్డర్లు చూసుకోవాలన్న చిన్న కోరిక ఉన్నవాళ్లు కూడా హెలోఆక్స్ లాంటి హ్యాక్‌లతో ఫోన్ భద్రతా వ్యవస్థ మొత్తాన్నీ పక్కకు నెట్టేశారు. సర్టిఫికెట్ గొడవ పడలేని ప్రోగ్రామర్లలో కొంతమంది మీ దగ్గరికి వచ్చారు. సింబియన్ పతనానికి అదొక్కటే కారణం అంటే అతిశయోక్తి అవుతుంది, కారణాలు చాలా ఉన్నాయి. కానీ సరైన దారి మరీ ఇరుకు చేస్తే జనం గోడ దూకుతారని, దూకినప్పుడు ఇంకా ప్రమాదంలో పడతారని అప్పుడే తేలిపోయింది.

‘ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌లో యాప్ వేసే డెవలపర్ టూల్) ఉందిగా, కంప్యూటర్‌కు తగిలించి వేసుకోవచ్చుగా’ అని మీరు అంటున్నారు. ప్రపంచంలో చాలామందికి ఫోనే ఏకైక కంప్యూటర్. వాళ్లకు ఏడీబీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆపిల్ నుంచి నేర్చుకోవాలనుకుంటే ఐఫోన్ వైపు కాకుండా మ్యాక్ వైపు చూడండి. 2012 నుంచి అందులో బయటి యాప్‌లను తెరిచే ముందు తనిఖీ చేసే గేట్‌కీపర్ ఉంది. 2019లో మ్యాక్ఓఎస్ కాటలినా వచ్చాక బయట పంచే యాప్‌లకు ఆపిల్ నోటరైజేషన్ (ముందే ఆపిల్ తనిఖీ చేసి వేసే ముద్ర) కూడా ఉండాలన్నారు. లేకపోతే సిస్టమ్ మొదట అడ్డుకుంటుంది, హెచ్చరిస్తుంది. 2024లో సెకోయాతో ఆ అడ్డును ఇంకొంచెం గట్టి చేశారు. అయినా సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ కొట్టి, ‘నాకు తెలుసు, తెరువు’ అంటే తెరుచుకుంటుంది. అదే కంపెనీ, అదే జనం, అదే బ్యాంకు ఖాతాలు, అవే కుటుంబ ఫొటోలు. మ్యాక్‌లో యజమానికి చివరి మాట ఇచ్చినందువల్ల లోకం మునిగిపోలేదు. కంప్యూటర్‌లో యజమానిగా ఒప్పుకున్న మనిషిని ఫోన్‌లో మాత్రం ఎందుకు ఒప్పుకోలేకపోతున్నారు? ఇల్లు కొన్నవాడికి గట్టి తాళం బిగించి ఇవ్వండి, ఎవరికి తలుపు తీయకూడదో కూడా చెప్పండి. తాళం చెవి మాత్రం మేస్త్రీ దగ్గర ఉండకూడదు.

వింత ఏమిటంటే, ఆపిల్‌ను తెరవమని ప్రభుత్వాలు పట్టుబడుతున్న కాలంలోనే మీరు మూసుకుంటున్నారు. దక్షిణ కొరియా 2021లోనే యాప్ స్టోర్ చెల్లింపుల మీద చట్టం చేసింది. యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడి ఐఫోన్లలో వేరే స్టోర్లకు అనుమతి వచ్చింది. జపాన్‌లోనూ అలాంటి చట్టం 2025 డిసెంబరులో పూర్తిగా అమల్లోకి వచ్చింది. యూరప్‌లో ఆపిల్ ఎలా తెరిచిందో చూశారు కదా. వేరే స్టోర్‌లోని యాప్‌కు కూడా ఆపిల్ నోటరైజేషన్ కావాలి. ఒక్కో వాడకందారుకు ఏడాదికోసారి లెక్కించే ఇన్‌స్టాల్‌లు పది లక్షలు దాటితే, ఆపైన ప్రతిదానికీ అర యూరో రుసుము అన్నారు. హెచ్చరికల మీద హెచ్చరికలు. పేరుకు దారి తెరిచారు గానీ అందులో నడవడం ఎవరి తరం? మీ ‘అనుభవజ్ఞుల దారి’ కూడా అలాంటిదే అవుతుందేమోనన్న అనుమానం నా ఒక్కడిదే కాదు.

కోర్టులు కూడా మీకు తప్పుడు పాఠం నేర్పాయేమో అనిపిస్తుంది. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీ మీదా ఆపిల్ మీదా ఒకే రోజు, 2020 ఆగస్టులో కేసులు వేసింది. బయటి స్టోర్లకు చోటే ఇవ్వని ఆపిల్ 2021లో చాలా అంశాల్లో గెలిచింది. చోటు ఇచ్చి, ఆ తర్వాత ఒప్పందాలతో దాన్ని ఇరుకు చేసిన మీరు 2023 డిసెంబరులో జ్యూరీ ముందు ఓడిపోయారు, 2025 జులైలో అప్పీలులోనూ ఓడిపోయారు. మొదటి నుంచీ మూసి ఉంచినవాడికి లాభం, తెరిచినవాడికి నష్టం అని మీ లాయర్లు లెక్క వేసుకుంటే ఆశ్చర్యం లేదు. కానీ జ్యూరీ తప్పు పట్టింది ఓపెన్‌గా ఉన్నందుకు కాదు. ఓపెన్ అని చెప్పి పోటీదారుల కాళ్లకు అడ్డం పడినందుకు.

బ్యాంకు యాప్‌ల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. ఫోన్ మీ సర్టిఫికేషన్ ఉన్నదేనా అని యాప్‌లకు చెప్పే మీ ప్లే ఇంటిగ్రిటీని నమ్ముకుని చాలా బ్యాంకు యాప్‌లు, కొన్ని ప్రభుత్వ యాప్‌లు, మీ సర్టిఫికేషన్ లేని సిస్టమ్ కనిపిస్తే తెరుచుకోవడం లేదు. మూడేళ్లుగా ఒక్క భద్రతా అప్‌డేట్ కూడా అందని పాత ఫోన్‌ను మీ ముద్ర ఉందని రానిస్తాయి. అప్‌డేట్లు ఎప్పటికప్పుడు అందే, వెరిఫైడ్ బూట్ (సిస్టమ్‌ను ఎవరూ మార్చలేదని ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు చూసే తనిఖీ) సరిగ్గా పనిచేసే గ్రాఫీన్‌ఓఎస్‌ను మాత్రం గుమ్మంలోనే ఆపేస్తాయి. ఫోన్‌లో ఏ సిస్టమ్ నడుస్తోందో చిప్పే ధ్రువీకరించే హార్డ్‌వేర్ అటెస్టేషన్ అనే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉంది, దాంతో ఇలాంటి సిస్టమ్‌ను కూడా గుర్తుపట్టి అనుమతించవచ్చు. కష్టపడి ఆ దారి వెతుక్కునే బ్యాంకులు తక్కువ, ఎందుకంటే మీరు చేతికి అందించిన తేలిక దారి వేరే ఉంది. మీ డాక్యుమెంటేషన్‌లో ఈ రెండో పద్ధతిని ముందు పెట్టి రాయండి, అంతే అడుగుతున్నాను. ఇందుకు ఏ చట్టమూ అక్కర్లేదు.

ఎఫ్-డ్రాయిడ్ విషయం మాత్రం ఆలస్యం చేయకుండా తేల్చాలి. 2010 నుంచి ఓపెన్ సోర్స్ యాప్‌లను వాళ్లే సోర్స్ నుంచి బిల్డ్ చేసి, చాలావాటికి తమ డిజిటల్ తాళాలతో సంతకం చేసి ఇస్తున్నారు. మీ నిబంధన ప్రకారం యాప్ ప్యాకేజీ పేరు (సిస్టమ్ యాప్‌ను గుర్తుపట్టే పేరు), సంతకపు తాళం, మనిషి గుర్తింపు, ఈ మూడూ ఒకచోట ముడిపడాలి. యాప్ రాసినవాడు ఒకడు, సంతకం చేసేవాడు ఇంకొకడు అయితే ఎవరు నమోదు చేసుకోవాలి? వేరేవాళ్లు రాసిన యాప్‌ల పేర్లను ఎఫ్-డ్రాయిడ్ తన పేరు మీద రాసుకోలేదు, రాసినవాళ్లను బలవంతంగా నమోదు చేయించలేదు. ఈ నిబంధన ఇలాగే వస్తే తమ ప్రాజెక్టు ముగిసిపోతుందని 2025 సెప్టెంబరులోనే చెప్పారు. స్టోర్‌నే ఒక బాధ్యత గల సంస్థగా గుర్తించి, అది సంతకం చేసిన యాప్‌లను అంగీకరించే పద్ధతి మీరు ఆలోచించవచ్చు. పరిశీలన ఎలా చేస్తారో, ఫిర్యాదు వస్తే ఎంత త్వరగా స్పందిస్తారో వాళ్ల దగ్గర హామీ తీసుకోండి. ప్రతి ప్రోగ్రామర్ చిరునామా మాత్రం అడగకండి.

రాసినవాళ్లు ఇప్పుడు లేని యాప్‌లు కూడా ఉన్నాయి. చనిపోయినవాళ్లు, ఆసక్తి పోయి వదిలేసినవాళ్లు, పాత ఈమెయిల్‌కు జవాబివ్వనివాళ్లు రాసినవి. ఒక వాయిద్యం శ్రుతి చూసుకునేది, ఒక పాత పరికరాన్ని బ్లూటూత్‌తో నడిపేది, ఒక చిన్న నిఘంటువు. ఎవరికీ హాని చేయవు, అప్‌డేట్ కూడా అక్కర్లేదు, వాడుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటి తరఫున నమోదు ఫారం నింపేదెవరు?

కాబట్టి నమోదు కాని యాప్‌ల కోసం మీరు ఉంచుతామన్న ఆ వేరే దారి గురించి నేను అడిగేవి ఇవి. అది ఫోన్‌లోనే ఉండాలి, కంప్యూటర్ అవసరం రాకూడదు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి. గూగుల్ ఖాతా అడగకూడదు. ఒకసారి హెచ్చరించండి, కావాలంటే భయపెట్టేలాగే హెచ్చరించండి, కాల్‌లో ఉంటే ఆపండి, పాస్‌వర్డ్ అడగండి, కాసేపు ఆగమనండి. ఇవన్నీ మోసగాడి తొందర మీద నీళ్లు చల్లుతాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకసారి ‘సరే’ అన్నాక ప్రతి యాప్‌కూ, ప్రతి అప్‌డేట్‌కూ అదే తతంగం మళ్లీ పెట్టకండి. ఆ స్విచ్ వేసుకున్నందుకు బ్యాంకు యాప్‌లు పనిచేయకుండా పోయేలా ఆ సమాచారాన్ని ప్లే ఇంటిగ్రిటీకి అందించకండి. ఫోన్ కంపెనీలు తమ ఇష్టం కొద్దీ ఆ దారిని దాచేయకుండా దాన్ని మీ సర్టిఫికేషన్ షరతుల్లోనే చేర్చండి. సెర్చ్‌నూ బ్రౌజర్‌నూ షరతుగా పెట్టడం వచ్చినవాళ్లకు ఇది పెద్ద పని కాదు.

చివరగా ఒక సూటి ప్రశ్న, దీనికి బహిరంగంగా జవాబు చెప్పండి. నమోదు కాని యాప్‌ను నేను ఆ వేరే దారిలో వేసుకున్నాక, ఆ యాప్‌ను నా ఫోన్‌లో పనిచేయకుండా ఆపే అధికారం మీ సర్వర్‌కు ఉంటుందా, ఉండదా? ఉంటే ఏ సందర్భాల్లో, ఎవరి ఆదేశం మీద వాడతారో, వాడినప్పుడు నాకు ఎలా తెలియజేస్తారో నిబంధన అమల్లోకి రాకముందే రాతపూర్వకంగా ప్రచురించండి.

ఇట్లు,
ఒక ఆండ్రాయిడ్ వాడకందారు